అపా ఇంటి బాప్తిస్మానికి కార్తీకంలో వెళ్లవచ్చా?

ప్రశ్న: మాది రాయగడ. పక్క వాటాలో ఉండే ఒడియా క్రైస్తవ కుటుంబంతో మాకు చాలా ఏళ్ల స్నేహం. ఆ ఇంటి పెద్దావిడను అపా (ఒడియాలో అక్క) అని పిలుస్తాను. నా రెండో కాన్పుకు మా అమ్మ సమయానికి రాలేకపోతే ఆసుపత్రిలో నా పక్కన పడుకున్నది ఆవిడే. ఇప్పుడు ఆవిడ మనవరాలికి వచ్చే ఆదివారం లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) గిర్జాలో, అంటే చర్చిలో, బాప్తిస్మం. నన్నూ మా ఏడేళ్ల అబ్బాయినీ తప్పకుండా రమ్మన్నారు. నేను ఇంతవరకు చర్చి గుమ్మం తొక్కలేదు. బొట్టు, పూలు తీసేసి వెళ్లాలా? అందరూ మోకరిస్తే నేనూ మోకరించాలా? రొట్టె ముక్క పెడతారట, వద్దంటే అవమానించినట్టు అవుతుందా? భోజనం కూడా అక్కడే అన్నారు, మాకేమో కార్తీకం. మా అత్తగారు ‘నీళ్లు చల్లి కలిపేసుకుంటారు, జాగ్రత్త’ అంటున్నారు. ఆవిడకు చెప్పకుండా వెళ్లి వచ్చేస్తే గొడవ ఉండదని ఒక పక్క అనిపిస్తోంది. పాపకు ఏమి చదివించాలో కూడా తెలియదు.
– పేరు వద్దన్న పాఠకురాలు, రాయగడ

సమాధానం: వెళ్లండమ్మా. పురిటి మంచం పక్కన రాత్రంతా మేలుకున్న మనిషి తన మనవరాలి వేడుకకు పిలిచింది. ఇక ఎలా వెళ్లాలి, అక్కడ ఎలా ఉండాలి అన్నదే చూసుకోవాలి. మీరు అడిగినవాటిలో తేలికైనవీ ఉన్నాయి, కాస్త ఆలోచించవలసినవీ ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది రొట్టె ముక్క సంగతి. దానితోనే మొదలుపెడతాను.

మన ఇళ్లలో, గుళ్లలో ప్రసాదం వద్దనడం తప్పు. ఎవరు పెట్టినా చేయి చాచి, కళ్లకద్దుకుని తీసుకుంటాం. ఆ అలవాటుతోనే చర్చికి కొత్తగా వెళ్లినవాళ్లు పెట్టినదాన్ని కాదనడం ఎందుకని వరుసలో నిలబడిపోతారు. అక్కడ మర్యాద దీనికి నేరుగా ఎదురు. ప్రభువు బల్ల అనీ, ప్రభు రాత్రి భోజనం అనీ, సంస్కారం అనీ పిలిచే ఆ రొట్టె, ద్రాక్షరసం వచ్చినవారందరికీ పంచేవి కావు. ఆ రొట్టెతో, ద్రాక్షరసంతో పాటు క్రీస్తు శరీరమూ రక్తమూ నిజంగా ఉన్నాయని లూథరన్ల నమ్మకం. బాప్తిస్మం పొంది, ఆ పైన సంఘం బోధన పూర్తిచేసి, కన్ఫర్మేషన్ (తమ నమ్మకాన్ని తామే సంఘం ముందు ఒప్పుకునే వేడుక) అయినవారు తీసుకోవడం వాళ్ల పద్ధతి. చంటిపిల్లగా బాప్తిస్మం పొందిన వాళ్ల పిల్లలు కూడా ఆ వయసు వచ్చేదాకా మామూలుగా ఆగుతారు. అలాంటప్పుడు మీరు తీసుకోకపోతే ఎవరికి కోపం వస్తుంది? తీసుకుంటేనే పాస్టరు గారు ఇబ్బందిపడతారు. అందరూ లేచి ముందుకు వెళ్తున్నప్పుడు మీరు మీ బల్ల మీదే కూర్చోండి. పక్కవాళ్లు దాటడానికి కాళ్లు కాస్త పక్కకు జరపండి, అంతే. మీ అబ్బాయి చేయి మాత్రం గట్టిగా పట్టుకోండి. ఏదో పంచుతున్నారంటే పరుగెత్తే వయసు వాడిది. అసలు ప్రతి ఆదివారమూ ప్రభువు బల్ల ఉండదు. ఈ ఆదివారం ఉందో లేదో అపానే అడగండి.

ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతావన్నీ వాటంతట అవే తేలిపోతాయి. ఆరాధనలో అతిథి పాలు కొంత, ఇంటివాళ్ల పాలు కొంత. లేవడం, కూర్చోవడం, మౌనంగా వినడం, ఇష్టమైతే పాట కలపడం అతిథి కూడా చేయవచ్చు. పాపాలు ఒప్పుకోవడం, విశ్వాస ప్రమాణం పలకడం, ప్రభువు బల్ల దగ్గరకు వెళ్లడం ఇంటివాళ్ల పాలు. మీరు నమ్మని మాటను మర్యాద కోసం పెదవులతో పలకనక్కరలేదు, ఎవరూ మీ నోటివైపు చూడరు. అందరూ నిలబడినప్పుడు నిలబడితే సభ్యతగా ఉంటుంది, ముఖ్యంగా సువార్త చదివేటప్పుడు. మోకరించినప్పుడు మాత్రం తల కాస్త వంచి కూర్చుంటే చాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎటూ కూర్చునే ఉంటారు, వాళ్లలో మీరూ కలిసిపోతారు. ప్రార్థన చేసేటప్పుడు అందరూ కళ్లు మూసుకుంటారు. మీరు మూసుకున్నా మానినా చూసేవాళ్లు ఉండరు, ఒక్క మీ అబ్బాయి తప్ప.

బొట్టు తీయకండి. పూలు తీయకండి. మంగళసూత్రం దాచకండి. చాలా ప్రొటెస్టెంట్ కుటుంబాల్లో స్త్రీలు బొట్టు పెట్టుకోరన్నది నిజమే. అది వాళ్ల ఇంటి ఆచారం, అతిథికి పెట్టిన షరతు కాదు. తీసేసి వెళ్తే అపాకే మనసుకు కష్టంగా ఉంటుంది, నా కోసం ఇది ఇలా మారిపోయి వచ్చిందే అని. ప్రార్థన సమయంలో స్త్రీలు కొంగు తల మీదకు లాక్కోవడం చూస్తారు. మీరూ లాక్కుంటే బాగుంటుంది, మరచిపోయినా తప్పు లేదు. చీర మీకు నచ్చినది కట్టుకోండి, పేరంటానికి కట్టుకునేపాటిది. చెప్పుల సంగతి గుమ్మం దగ్గరే తెలుస్తుంది. బయట వరుసగా విడిచి ఉంటే విడవండి, లేకపోతే వాటితోనే లోపలికి వెళ్లండి. బల్లలున్న పాత మిషను చర్చిల్లో ఒక పద్ధతి, చాపల మీద కూర్చునే చోట మరో పద్ధతి. కొన్ని చోట్ల ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు కూర్చుంటారు. అపా వాళ్లింటి ఆడవాళ్ల వెనక వరుసలో కూర్చుంటే ఈ చిక్కులేవీ ఉండవు. ముందు వరుస మాత్రం వద్దు. కొత్తవాళ్లకు ముందు చూసి నేర్చుకోవడానికి ఎవరూ ఉండరు కదా.

లోపల ఏమి జరుగుతుందో చెబుతాను. మీ ప్రాంతంలో లూథరన్ చర్చి 1882లో మొదలైంది. జర్మనీ ఉత్తర కొసన ఉన్న బ్రెక్లుమ్ అనే ఊరి మిషను నుంచి అప్పుడు మొదటి మిషనరీలు జయపురం సంస్థానానికి వచ్చారు. 1928లో అది జయపురం ఎవాంజెలికల్ లూథరన్ చర్చిగా ఏర్పడింది. కొండకు అటు కొరాపుట్, జయపురం, ఇటు సాలూరు, పార్వతీపురం వాళ్ల పని జరిగిన ఊళ్లే. ఈ పాత కథ చెప్పడానికి కారణం ఉంది. లూథరన్ల ఆరాధన ఒక పుస్తకం ప్రకారం, క్రమం తప్పకుండా నడుస్తుంది. టీవీలో చూసే పెద్ద సభల్లా మైకులు, కేకలు ఉంటాయని ఊహించుకుని వెళ్తే మీకు ఆశ్చర్యమే. గంట మోగుతుంది, పాటతో మొదలవుతుంది. తరువాత పాపాల ఒప్పుకోలు, ‘ప్రభువా, కరుణించుము’ అనే ప్రార్థన, బైబిలు పాఠాలు, విశ్వాస ప్రమాణం, ప్రసంగం, కానుక, అందరి కోసం ప్రార్థన, ‘పరలోకమందున్న మా తండ్రీ’ అనే యేసు నేర్పిన ప్రార్థన, చివర ఆశీర్వాదం. సంఘాన్ని బట్టి కొన్ని అటూ ఇటూ అవుతాయి. పాస్టరు గారు ఒక మాట అంటే సభ అంతా ఒక్క గొంతుతో మరో మాట జవాబు చెబుతుంది. ఇదంతా ఒడియాలోనే జరుగుతుంది. మీకు ఒడియా వచ్చు కనుక ప్రసంగం అర్థమవుతుంది, బైబిలు ఒడియా మాత్రం బజారు ఒడియా కాదు, కొంచెం బరువుగా ఉంటుంది. బాప్తిస్మం, సంస్కారం రెండూ ఉన్న రోజున రెండు గంటలకు తగ్గదనుకోండి.

పాట దగ్గర కాస్త ఆగాలి. చర్చి పాట అంటే పడమటి దేశపు బాణీలే అనుకుంటారు చాలామంది. ఒడియా గిర్జాలో జర్మను బాణీలు వినిపిస్తే ఆశ్చర్యం లేదు, కానీ తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకం ఎప్పుడైనా చేతికి వస్తే తెరిచి చూడండి. కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ కీర్తనలు రాసిన తొలి తరం కవుల్లో పెద్దవాడు పురుషోత్తమ చౌదరి. ఆయన 19వ శతాబ్దంలో మీ పక్కనున్న పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన మనిషే. భజనలు వింటూ పెరిగిన చెవికి ఆ పాటలు పరాయిగా అనిపించవు. రాయగడలోనే తెలుగు సంఘం ఆరాధనకు ఎప్పుడైనా వెళ్తే ఆ కీర్తనలు వినే అవకాశం ఎక్కువ.

ఇక బాప్తిస్మం. లూథరన్లు చంటిపిల్లలకు ఇస్తారు. తల్లిదండ్రులు, వాళ్లతో పాటు పాప తరఫున నిలబడే క్రైస్తవ సాక్షులు నీళ్ల తొట్టి దగ్గరకు వస్తారు. పాస్టరు గారు వాళ్లను ప్రశ్నలడుగుతారు, వాళ్లు నమ్మకాన్ని ఒప్పుకుంటారు. పాపను పేరు పెట్టి పిలిచి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో తల మీద నీళ్లు పోస్తారు. పాప ఏడుస్తుంది, అందరూ నవ్వుతారు. నిజానికి ఆ ఘట్టం కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఫొటోలు ఆశీర్వాదం అయ్యాక తీయండి, అదీ అపాను అడిగి. బారసాలలో లాగా అందరూ వరుసగా వెళ్లి పాప మీద అక్షతలు వేయడం ఉండదు.

ఇక్కడే మీ అత్తగారి భయానికి జవాబు ఉంది. బాప్తిస్మం గుంపు మీద చల్లేది కాదు. ఒక మనిషి పేరు చెప్పి, పెద్దవాళ్లయితే వాళ్లంతట వాళ్లు నోరారా ఒప్పుకున్న తరువాత, పసివాళ్లయితే తల్లిదండ్రులు తెచ్చి నిలబెట్టిన తరువాత ఇచ్చేది. పొరపాటున ఎవరికీ తగలదు. కథోలిక దేవాలయానికి వెళ్తే గుమ్మం దగ్గర పవిత్ర జలం తొట్టి ఉంటుంది, అందులో వేలు ముంచి సిలువ గుర్తు వేసుకుంటారు. కొన్ని పండుగలకు ఫాదర్ గారు సభ మీద ఆ నీళ్లు చల్లుతారు కూడా. ఆ చినుకు మీ మీద పడినా మీ మతం మారదు. పైగా ఒడిశాలో దీనికి 1967 నుంచే చట్టం ఉంది. బలవంతంగా, ఆశచూపి, మోసంతో మతం మార్పించడం నేరం. 1989 నియమాల ప్రకారం మారదలచినవారు ముందుగా మేజిస్ట్రేటు దగ్గర తమ ఇష్టంతోనే మారుతున్నామని ప్రకటించాలి, జరిపించే మతగురువు పదిహేను రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. స్నేహితురాలి మనవరాలి వేడుకకు వెళ్లి బల్ల మీద కూర్చున్న మనిషికి ఇందులో ఏదీ వర్తించదు. అయితే ఒక్క జాగ్రత్త. రిజిస్టరు మీద సంతకం చేయమని ఎవరైనా అడిగితే అది అతిథుల పుస్తకమా, బాప్తిస్మపు సాక్షుల రిజిస్టరా చదివి చూసి చేయండి. ఈ జాగ్రత్త చర్చికే కాదు, ఏ కాగితానికైనా పనికొస్తుంది.

అత్తగారికి చెప్పకుండా వెళ్లే ఆలోచన మాత్రం వదిలేయండి. రాయగడలో ఒక వీధి చివర జరిగింది మరో వీధి చివరికి సాయంత్రంలోపు చేరుతుంది. చర్చికి వెళ్లడం తప్పు కాదు, దాచినందుకు అది తప్పులా కనిపిస్తుంది. ఆ తరువాత ఎన్ని జవాబులు చెప్పినా ‘మరి ఎందుకు దాచావు?’ దగ్గరే ఆగిపోతారు. ఎవరింటికి, ఎందుకు, ఎన్ని గంటలకు వెళ్తున్నారో, ఎప్పుడు వస్తారో ముందే చెప్పండి. ‘నా కాన్పులో అపా ఉంది కదా, ఆవిడ పిలిచింది’ అనండి. అనుమతి అడిగినట్టు కాకుండా విషయం చెప్పినట్టు చెప్పండి. మతాల గురించి వాదన పెట్టుకోకండి. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు కూడా. మూతి ముడుచుకుంటే రెండు రోజులు ఉంటుంది, పోతుంది. నాకు మీ అత్తగారి మీద కోపం లేదు. పెద్దవయసులో కోడలు తెలియని చోటికి వెళ్తానంటే భయపడే అత్తగారు అన్ని మతాల్లోనూ ఉన్నారు. అపా మీ ఇంటి పూజకు వస్తానంటే వాళ్లింట్లోనూ ఎవరో ఒకరు గొణుగుతారు.

భోజనం దగ్గర ఉన్న చిక్కు సరిహద్దు జిల్లాల వాళ్లకే తెలుస్తుంది. ఒడియా వాళ్ల కార్తీకం పౌర్ణమితో అయిపోతుంది. చివరి ఐదు రోజులు, కొంగ కూడా చేప ముట్టదని చెప్పుకునే పంచుకం, ఎంతో నిష్ఠగా ఉండి మరునాడు ఛాడఖాయ్ అని చేపలు, మాంసం బజారంతా ఖాళీ చేస్తారు. మన తెలుగువాళ్లకేమో అక్కడికి సగమే అవుతుంది, అమావాస్య దాకా కార్తీకమే. కనుక ఊరంతా మసాలా వాసనలు వస్తున్న ఆదివారమే మీ ఇంట్లో ఇంకా ఉల్లిపాయ కూడా తరగరు. అపా క్రైస్తవురాలు, ఆవిడకు ఏ నియమమూ లేదు, బాప్తిస్మం విందులో మాంసాహారం ఉండే అవకాశమే ఎక్కువ. చివరి నిమిషంలో ఆకు ముందు కూర్చుని ‘ఇది తినను, అది తినను’ అంటే వడ్డించేవాళ్లకు చిన్నతనం. రేపే చెప్పండి: ‘అపా, మాకు అమావాస్య దాకా కార్తీకం, నాకూ బాబుకూ పప్పన్నం ఉంటే చాలు.’ ఇన్నేళ్లు పక్క వాటాలో ఉన్న మనిషికి మీ కార్తీకం కొత్త కాదు. విడి గిన్నెలో వండించే ఏర్పాటు ఆవిడే చేస్తుంది. అదీ కుదరదనుకుంటే, లేదా అత్తగారికి బయటి వంట కూడా పట్టింపు అయితే, పళ్లూ స్వీటూ తీసుకుని, పాపను ఎత్తుకుని, కాసేపు కూర్చుని వచ్చేయండి. విందు తినలేదని ఎవరూ స్నేహం తెంచుకోరు.

కానుక సంచీ వరుసలో మీ దగ్గరకు వస్తుంది. వేయాలనిపిస్తే పదో ఇరవయ్యో వేయండి, లేదంటే పక్కవారికి అందించండి. అది సంఘం ఖర్చులకు సంఘం వేసుకునే డబ్బు, టికెట్టు కాదు.

ఇంకొక మాట ముందే అపా చెవిన వేయండి. కొన్ని చర్చిల్లో ఆరాధన చివర ‘కొత్తగా వచ్చినవారు లేచి నిలబడండి’ అని పరిచయం చేస్తారు, కొందరు తల మీద చేయి పెట్టి ప్రార్థిస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ అలవాటు లేనివాళ్లకు అంతమంది ముందు ఇబ్బంది. మీకు ఇష్టం లేకపోతే ‘నన్ను లేపకండి’ అని ముందే చెబితే ఆ మాట పాస్టరు గారికి చేరుతుంది. అప్పటికప్పుడు ఎవరైనా అడిగితే చిరునవ్వుతో చేతులు జోడించి ‘వద్దండీ’ అంటే చాలు, కారణాలు చెప్పనక్కరలేదు. తరువాత వారం కూడా రమ్మని ఎవరైనా పిలవవచ్చు. ‘అపా ఇంటి వేడుకకు వచ్చాను’ అన్నది పూర్తి జవాబు.

ఇది చదివి మరో ఊళ్లో మరో చర్చికి వెళ్లబోయేవాళ్లకు ఒక్క మాట. అన్ని చర్చిలూ ఒకటి కావు. బాప్టిస్టు సంఘాల్లో చంటిపిల్లలకు బాప్తిస్మమే ఉండదు. పసివాళ్లను దేవునికి ప్రతిష్ఠ చేస్తారు, పెద్దయ్యాక తానే ఒప్పుకున్నవారిని నీళ్లలో పూర్తిగా ముంచుతారు. పెంతెకొస్తు సంఘాల్లో చప్పట్లు, డప్పులు, గట్టి ప్రార్థనలు, అర్థంకాని భాషల్లో పలకడం ఉంటాయి, మధ్యాహ్నం దాటినా ఆశ్చర్యపోకండి. కథోలికుల పూజలో ధూపం, విగ్రహాలు, కొవ్వొత్తులు కనిపిస్తాయి, అక్కడ కూడా సత్ప్రసాదం బాప్తిస్మం పొందిన కథోలికులకే.

మీ అబ్బాయికి ముందు రోజే రెండు మాటలు చెప్పి ఉంచండి: గట్టిగా మాట్లాడకూడదు, అడగాలనిపించింది ఇంటికి వచ్చాక అడగాలి. గుమ్మానికి దగ్గరగా, వరుస చివర కూర్చోండి. వాడికి విసుగొస్తే ప్రసంగం మధ్యలో బయటికి తీసుకెళ్లి కాసేపు తిప్పుకుని రండి, పిల్లల తల్లులందరూ అదే చేస్తారు. ‘వాళ్ల దేవుడి బొమ్మ ఎందుకు లేదు?’ అని అడుగుతాడు. అపానే అడగమనండి, ఆవిడ మీకన్నా బాగా చెబుతుంది.

చదివింపుల సంగతి. పాపకు గౌను, దుప్పటి, వెండి గిన్నె ఏదైనా మంచిదే. దేవుడి బొమ్మలున్న లాకెట్లు, దిష్టి తాళ్లు వద్దు. డబ్బు ఇస్తే కవరు మూలలకు పసుపు పూయకుండా, పాప పేరు రాసి ఇవ్వండి. నూట పదహార్లు ఇచ్చినా, ఒడియావాళ్ల లెక్కన నూట ఒకటి ఇచ్చినా ఒకటే. చర్చిలో కాదు, ఇంటికి వెళ్లాక తల్లి చేతికే ఇవ్వండి.